పాఠకుల ప్రశ్నలు: డెస్క్‌టాప్‌కు తోడుగా ట్యాబా, ల్యాప్‌టాపా?

ప్రశ్న: మాది కడప. పదేళ్లుగా ఇంట్లోనే డెస్క్‌టాప్ పెట్టుకొని డీటీపీ పని చేస్తున్నాను. పుస్తకాలు, సావనీర్లు, అప్పుడప్పుడు శుభలేఖలు వస్తుంటాయి. అన్నీ అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనే కడతాను. జమ్మలమడుగులో మా అమ్మ ఒక్కతే ఉంటుంది కాబట్టి నెలకు పది రోజులు అక్కడే ఉండవలసి వస్తోంది. ప్రూఫులు ప్రింటు తీసుకొని సంచిలో వేసుకుపోతున్నాను గాని, తక్కిన పని ఆగిపోతోంది. ముప్పై అయిదు వేల దాకా పెట్టగలను. మా తమ్ముడు ల్యాప్‌టాప్ తీసుకోమంటాడు. మా అమ్మాయి ట్యాబ్ చాలంటుంది. డెస్క్‌టాప్‌ను వదులుకునే ఆలోచన లేదు. ఏది కొనమంటారు? సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ అయినా ఫరవాలేదా?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: మీ తమ్ముడు చెప్పిందీ తప్పు కాదు, మీ అమ్మాయి చెప్పిందీ తప్పు కాదు. మీ పనిలో చెరో సగం చూసి చెప్పారు, అంతే. డీటీపీ అని ఒక్క మాటలో అంటాం గాని, అందులో టైపు చేయడం, పేజీలు కట్టడం, ప్రూఫు చూడడం, ప్రూఫులోని దిద్దుబాట్లను ఫైలులో ఎక్కించడం అని నాలుగు పనులున్నాయి. జమ్మలమడుగులో ఆగిపోతున్నది ఈ నాలుగింటిలో ఏదో తేలితే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్లే.

ముందు ట్యాబ్‌తో కుదరని పని సంగతి చూద్దాం. మీరు వాడే పేజ్‌మేకర్ విండోస్ మీద నడిచే పాత ప్రోగ్రాము. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో గాని ఐప్యాడ్‌లో గాని అది ఎక్కదు. పైగా అను ఫాంట్లతో ఇంకో చిక్కు ఉంది. ఆ ఫాంట్లలో మీరు కొట్టిన ‘క’ కంప్యూటర్ లోపల ‘క’గా నిలవ ఉండదు, ఇంగ్లీషు అక్షరాలకో గుర్తులకో కేటాయించిన గడుల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చోబెట్టి ఉంటారు. ఆ ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగులా కనిపిస్తుంది, ఫాంటు లేనిచోట తెరిస్తే కుక్కలు చింపిన విస్తరిలా ఉంటుంది. కాబట్టి పేజీలు కట్టడం, దిద్దుబాట్లు ఎక్కించడం ఈ రెండూ విండోస్ ఉన్న యంత్రం మీద మాత్రమే జరిగే పనులు. మీ తమ్ముడి వాదానికి బలమంతా ఇక్కడే ఉంది.

ఇక ప్రూఫు సంగతికి వస్తే, ఈ పనిలో ల్యాప్‌టాప్ ట్యాబ్‌కు సరితూగదని నా అభిప్రాయం. అభిప్రాయమన్నాను గాని దీన్ని స్కేలు పెట్టి కొలిచి చూడవచ్చు. మన పుస్తకాల్లో ఎక్కువ భాగం డెమ్మీ 1/8 సైజువే కదా, అంటే పేజీ సుమారు అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు. 16:10 నిష్పత్తిలో ఉన్న 11 అంగుళాల ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 5.8 అంగుళాలు, పొడవు 9.3 అంగుళాలు వస్తుంది. డెమ్మీ పేజీ అచ్చులో ఎంత ఉంటుందో అంతే సైజులో, చుట్టూ కాస్త చోటు మిగిలేలా, అందులో పూర్తిగా ఇముడుతుంది. అదే 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తెరను తీసుకోండి. 16:9 నిష్పత్తిలో దాని ఎత్తు 7.6 అంగుళాలే. ఎనిమిదిన్నర అంగుళాల పేజీ అందులో అసలు సైజులో పట్టదు. కుదించి చూడాలి, లేదా పైకీ కిందికీ జరుపుకుంటూ చదవాలి. తెర నిలువుగా తిప్పుకుందామంటే కుదిరేది కాదు. కాగితం మీద ప్రూఫు చూసిన కంటికి పేజీ మొత్తం ఒక్కసారి కనబడకపోతే ఎంత చిరాకో మీకు నేను చెప్పనక్కరలేదు.

ట్యాబ్‌కు పీడీఎఫ్ పంపితే అను ఫాంట్ల చిక్కు కూడా ఉండదు, ఎందుకంటే పీడీఎఫ్ తన ఫాంట్లను తనతోపాటే మోసుకుపోతుంది. పీడీఎఫ్ తీసేటప్పుడు ఫాంట్లన్నీ ఎంబెడ్ అయ్యేలా, అంటే ఆ ఫైలులోనే ఇమిడిపోయేలా, ఎంచుకున్నారో లేదో మాత్రం ఒకసారి చూసుకోండి. తరువాత ట్యాబ్‌లో తెరిచి, పెన్నుతో అంచుల్లో మామూలుగా రాసుకున్నట్లే గుర్తులు పెట్టుకోవచ్చు. ‘ధ’కూ ‘థ’కూ మధ్య తేడా కడుపులో ఉండే ఆ ఒక్క చుక్కే, ఫోను తెర మీద అది ఉందో లేదో తేల్చుకోలేక ఎన్నో ప్రూఫుల్లో ‘కధ’లు ‘కథ’లుగా చెల్లిపోవడం చూశాను. ట్యాబ్ మీద రెండు వేళ్లతో పేజీని సాగదీస్తే చుక్క లెక్క తేలిపోతుంది. ఫుట్‌నోటులో తొమ్మిది పాయింట్లలో ఉన్న వత్తుల కింది వత్తులకు కూడా ఇదే పద్ధతి.

పెన్ను విషయంలో మాత్రం మోసపోకండి. రబ్బరు మొన ఉన్న వంద రూపాయల పెన్నుతో వరుసల మధ్య గుర్తు పెట్టబోతే అది మూడు వరుసలను కప్పేస్తుంది. ట్యాబ్ తనదిగా గుర్తించే పెన్నే ఉండాలి, తెర మీద అరచేయి ఆనించి రాసినా గీతలు పడకూడదు. శాంసంగ్‌లో ఎస్ సిరీస్ ట్యాబ్‌లకు పెన్ను పెట్టెలోనే వస్తుంది. ఐప్యాడ్‌కు విడిగా కొనుక్కోవాలి. అందుకని ధర అడిగేటప్పుడు ట్యాబ్‌కూ పెన్నుకూ కలిపి అడగండి. కీబోర్డు ఉన్న కవరు కూడా తీసుకోమని అంగడివాళ్లు తప్పకుండా అంటారు. ఒప్పుకున్నారా, అసలు కంటే కొసరు ఎక్కువై, ల్యాప్‌టాప్ ధర పెట్టి ల్యాప్‌టాప్ కానిదాన్ని ఇంటికి తెచ్చుకున్నట్లవుతుంది. ఎప్పుడైనా టైపు చేయవలసి వస్తే బ్లూటూత్ కీబోర్డు ఏదైనా సరిపోతుంది. ట్యాబ్‌లో మీరు కొట్టేది యూనికోడ్ తెలుగు, అంటే ‘క’ను ‘క’గానే నిలవ చేసే తెలుగు, అవుతుందన్నది గుర్తుంచుకోండి. దాన్ని అను ఫాంట్లలోకి మార్చే కన్వర్టర్లున్నాయి గాని, మార్చిన తరువాత వత్తుల దగ్గర మరోసారి కంటితో చూసుకోక తప్పదు.

నేను ట్యాబ్ వైపు మొగ్గడానికి ఇంకో కారణముంది, అది నా అనుభవంలోంచి వచ్చింది. కొన్నేళ్ల క్రితం నా దగ్గర డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ రెండూ ఉండేవి, రెండింటిలోనూ పేజ్‌మేకర్ ఉండేది. ఒక శతక వ్యాఖ్యానం పని నడుస్తోంది. ఊరికి వెళ్లినప్పుడు ఆరో ఫారం, అంటే ఒకే కాగితం మీద కలిపి అచ్చయ్యే 81 నుంచి 96 దాకా పేజీలు, ల్యాప్‌టాప్‌లో దిద్దాను. తిరిగి వచ్చాక డెస్క్‌టాప్‌లో ఉన్న పాత ఫైలుకు మిగతా మార్పులు చేసి ప్రెస్సుకు పంపాను. ఒకదాని పేరు ఫైనల్, ఇంకోదాని పేరు ఫైనల్ 2. ఏది ఏదో నాకే తెలియలేదు. ఫారం అచ్చయి మడత పడ్డాక గాని తప్పు బయటపడలేదు. ప్రెస్సువాళ్ల పొరపాటు అందులో ఇసుమంతైనా లేదు కాబట్టి కాగితం ఖర్చు నేనే పెట్టుకున్నాను. ట్యాబ్‌లో ఈ ప్రమాదమే లేదు. అందులో ఉండేది పీడీఎఫ్ మాత్రమే. మూలప్రతి ఎప్పుడూ ఇంట్లో డెస్క్‌టాప్‌లో, ఒక్కచోటే ఉంటుంది. చేయలేకపోవడం కూడా ఒక్కోసారి సుగుణమే.

అంతమాత్రాన నా మాట మీద కొనేయకండి. ఈసారి జమ్మలమడుగు వెళ్లినప్పుడు ఒక పాత నోటు పుస్తకం వెంట తీసుకెళ్లి, ‘ఇప్పుడు డెస్క్‌టాప్ దగ్గర ఉంటే బాగుండు’ అనిపించిన ప్రతిసారీ ఎందుకనిపించిందో ఒక్క వరుస రాయండి. పది రోజుల తరువాత ఆ వరుసలు చదువుకుంటే, ‘రచయితకు పేజీ చూపించాలి’, ‘ప్రూఫు పూర్తి చేయాలి’, ‘పాత పుస్తకంలో ఒక మాట వెతకాలి’ అన్నవే ఎక్కువగా ఉన్నాయనుకోండి, ట్యాబ్ కొనండి. ‘ఈ రోజే దిద్ది ప్రెస్సుకు పంపాలి’ అన్న వరుసలు మూడు నాలుగు దాటితే, మీ తమ్ముడి మాటే మీకు సరైనది. ఎప్పుడో ఒకసారి వచ్చే తొందర పనికి, ఇంట్లో డెస్క్‌టాప్‌ను ఆన్‌లో ఉంచి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ట్యాబ్‌లోంచి అందులోకి వెళ్లవచ్చు. ఒక పేజీ తెరిచి చూడడానికి, పీడీఎఫ్ తీసి ఎవరికైనా పంపడానికి అది పనికొస్తుంది. పేజ్‌మేకర్ మెనూలను వేలితో నొక్కుతూ పుస్తకం కట్టడానికి కాదు. కరెంటు పోయి డెస్క్‌టాప్ ఆగిపోయిందంటే ఆ దారి మూసుకున్నట్లే, ఇంట్లో అమ్మాయి ఉంటే తప్ప.

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ గురించి అడిగారు. కంపెనీలు వాడి తీసేసిన మంచి ల్యాప్‌టాప్‌లు మీ బడ్జెట్‌లో దొరుకుతాయి, పేజ్‌మేకర్‌కు పెద్ద శక్తి కూడా అక్కరలేదు. కాని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు అందులో ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరం గాని ఆపైది గాని అయి ఉండాలి. అంతకంటే పాతదాన్ని ఎంత చవకకు ఇచ్చినా తీసుకోకండి. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో అంగడిలోనే అరగంట కూర్చొని చూడండి, మొహమాటపడకండి. కొత్తదే తీసుకునేటట్లయితే 8 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్కుకు బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ రెండూ తప్పనిసరి. ఇంకో మాట: తక్కువ ధర ల్యాప్‌టాప్‌లు కొన్ని విండోస్ ఎస్ మోడ్‌లో వస్తాయి. అందులో మైక్రోసాఫ్ట్ స్టోరులో దొరికేవి తప్ప వేరే ప్రోగ్రాములు ఎక్కవు. డబ్బు కట్టకుండానే ఆ మోడ్ నుంచి బయటికి రావచ్చు గాని, తిరిగి అందులోకి పోలేరు. పోవలసిన అవసరమూ మీకు రాదు.

మీ ఉత్తరంలో ఉన్నంతవరకు చూస్తే, ప్రూఫులను సంచిలో మోసుకుపోతున్నానని రాసిన మీకు ట్యాబే తగినదని నాకు అనిపిస్తోంది.

ప్రశ్న: ఆదోనిలో మాకు పత్తి కమీషన్ కొట్టు ఉంది. కొట్లో డెస్క్‌టాప్‌లో లెక్కలకు ట్యాలీ ప్రోగ్రాము నడుస్తుంది. సీజన్లో మార్కెట్ యార్డులో గంటల తరబడి ఉంటాను. అక్కడే లెక్కలు ఎక్కించుకుందామని, దానికి ట్యాబ్ తీసుకుందామని మా అబ్బాయి అంటున్నాడు. తేలిగ్గా ఉంటుందట. బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబ్‌లు చూశాను, అవి లెక్కలకు పనికొస్తాయా అని సందేహం.
— ఒక వ్యాపారి, ఆదోని

జవాబు: 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబ్‌లు పాఠాలు చూడడానికి ఇచ్చినవి. వాటిని చూసి ట్యాబ్‌లన్నీ ఇంతేననుకోవడం సరికాదు. అయినా మీ సందేహం మాత్రం సరైనదే. ట్యాలీ విండోస్ ప్రోగ్రాము. ట్యాబ్‌లో నేరుగా ఎక్కదు. ఈ-వే బిల్లు తీయడం, జీఎస్టీ పోర్టల్ చూడడం వంటివి బ్రౌజరులో జరిగే పనులు కాబట్టి ట్యాబ్‌లోనూ చేసుకోవచ్చు. మీది సొంత యాజమాన్యమో భాగస్వామ్యమో అయితే రిటర్నును ఫోనుకు వచ్చే ఓటీపీతోనే ధ్రువీకరించవచ్చు. కంపెనీగా నమోదై ఉంటే డిజిటల్ సంతకం తప్పనిసరి. ఆ సంతకం ఉన్న యూఎస్‌బీ టోకెన్‌కు కంప్యూటరే కావాలి. మీరడిగింది లెక్కలు ఎక్కించడం గురించి కాబట్టి, ల్యాప్‌టాప్ తీసుకోండి.

తీసుకునే ముందు మీ కుడిచేతిని ఒకసారి గమనించండి. కొట్లో తూకాలు, క్వింటాలు ధరలు, హమాలీ, కమీషన్ అన్నీ కీబోర్డుకు కుడివైపు ఉన్న అంకెల గడి మీదే కదా కొడతారు? కళ్లు చీటీ మీదే ఉంటాయి, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి. 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ గడి ఉండదు. పై వరుసలోని అంకెలతో కొట్టడం మొదలుపెడితే గంటలో అయ్యే పనికి రెండు గంటలు పడుతుంది, తప్పులు సరేసరి. 15.6 అంగుళాల వాటిలో ఎక్కువగా అంకెల గడి ఉంటుంది, అయితే బరువు కిలోన్నర నుంచి రెండు కిలోల దాకా. మీ అబ్బాయి బరువు గురించి అన్నది నిజమే గాని, యార్డుకు మీరు పోయేది బండి మీద కాబట్టి ఆ బరువును బండే మోస్తుంది. లేదూ చిన్న ల్యాప్‌టాపే కావాలంటే, విడి నంబర్ ప్యాడ్ ఒకటి కొని యూఎస్‌బీలో పెట్టుకోండి, తక్కువలో అయిపోతుంది.

ట్యాలీ డేటా విషయంలో పై జవాబులో నేను చెప్పుకున్న ఫైనల్ 2 కథ మీకూ వర్తిస్తుంది. యార్డులో ల్యాప్‌టాప్‌లో కొన్ని, కొట్లో గుమాస్తా డెస్క్‌టాప్‌లో కొన్ని ఎక్కిస్తే సాయంత్రానికి రెండు చిట్టాలు తయారవుతాయి. డేటా డెస్క్‌టాప్‌లోనే ఉంచి, ల్యాప్‌టాప్ నుంచి ఇంటర్నెట్ ద్వారా దానిలోకే పోయి ఎక్కించడం మేలు. మైక్రోసాఫ్ట్ సొంత రిమోట్ డెస్క్‌టాప్ వాడాలంటే మాత్రం కొట్లోని కంప్యూటర్‌లో విండోస్ ప్రో ఎడిషన్ ఉండాలి, హోమ్ ఎడిషన్‌లోకి అలా వెళ్లలేరు. యార్డులో సిగ్నల్ సరిగా అందదంటే, అక్కడ చీటీ పుస్తకంలోనే రాసుకొని కొట్టుకు వచ్చి ఎక్కించడమే క్షేమం. అలాంటప్పుడు అసలు ఏదీ కొనకపోవడం కూడా ఒక మంచి నిర్ణయమే. మీ అబ్బాయికి నా మీద కోపం రావచ్చు.

ఎండల గురించి కూడా చెప్పాలి. ఐప్యాడ్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెబుతుంది. మన వైపు వేసవిలో నలభై దాటడం కొత్తేమీ కాదు. బండి డిక్కీలో గాని, ఎండలో నిలిపిన కారులో గాని ల్యాప్‌టాప్‌నూ ట్యాబ్‌నూ వదిలి రావద్దు. మంచం మీద బొంత పరిచి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని పని చేస్తే, కిందినుంచి గాలి పీల్చుకునే సందులు మూసుకుపోయి ఫ్యాను మోత మొదలవుతుంది. బల్ల మీద గాని, చల్లగా ఉండే కడప బండ మీద గాని పెట్టుకోండి. రోజంతా చార్జరు తగిలించే ఉంచితే, వేడి కూడా తోడై బ్యాటరీ తొందరగా చెడుతుంది. చార్జింగును ఎనభై శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంది, సెట్టింగుల్లో వెతకండి.

ప్రశ్న: అనంతపురంలో ఉంటూ డీఎస్సీకి చదువుతున్నాను. ఇంట్లో అన్న డెస్క్‌టాప్ ఉంది గాని పగలంతా అన్నే వాడుకుంటాడు. ఫోనులో క్లాసులు చూసి కళ్లు నొప్పెడుతున్నాయి. ఇరవై వేలలో ఏదైనా చెప్పండి.
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ట్యాబ్ తీసుకోండి. మీరు చేసేది వినడం, చదవడం, గుర్తులు పెట్టుకోవడం; మూడింటికీ అదే అనువైనది. పది పదకొండు అంగుళాలది, 128 జీబీది చూడండి. 64 జీబీ అయితే దించుకున్న క్లాసులతో నెల తిరక్కముందే నిండిపోతుంది. సిమ్ ఉన్నది అక్కరలేదు, ఫోను హాట్‌స్పాట్‌తో సరిపెట్టుకోవచ్చు, ఆ డబ్బు మిగుల్తుంది. అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో మాత్రం అడిగి తెలుసుకోండి. ఇంకొకటి: 2025లో డీఎస్సీ కంప్యూటర్ మీదనే జరిగింది. కాబట్టి మోడల్ టెస్టులు ట్యాబ్‌లో వేలితో రాయకండి. రాత్రి తొమ్మిది తరువాత డెస్క్‌టాప్ మీకు వదలమని మీ అన్నను గట్టిగా అడిగి, మౌసు పట్టుకొని, గడియారం పెట్టుకొని అక్కడ రాయండి.